చిన్న కళాశాలలో విద్యార్థి సేవలు, ప్రాంగణ జీవనం

పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం కాక కళాశాల తన విద్యార్థికి చేసిపెట్టే పనులన్నిటినీ కలిపి విద్యార్థి సేవలు అంటారు. ఉపకార వేతనం ఇప్పించడం, హాస్టలు నడపడం, బస్సు పాసు కాగితం మీద సంతకం పెట్టడం, గ్రంథాలయం, ఆటలు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), ఉద్యోగ శిక్షణ, ఫిర్యాదులు వినడం, మనసు బాగాలేనివాళ్లకు దారి చూపడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. విశ్వవిద్యాలయాల్లో ఒక్కో పనికి ఒక్కో కార్యాలయం, దానికొక డీనో డైరెక్టరో ఉంటారు. చిన్న డిగ్రీ కళాశాలలో అన్నిటికీ కలిపి ఉండేది నలుగురైదుగురు మనుషులు. తెలుగు లెక్చరరే ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు. కామర్స్ మేడమే మహిళా సాధికారత విభాగానికి కన్వీనరు. లైబ్రేరియన్ బల్ల మీద పుస్తకాలతో పాటు న్యాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే సంస్థ) ఫైళ్లూ ఉంటాయి. ఏ సేవ ఎలా అందుతుందన్నది ఆ కుర్చీలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. చిన్న కళాశాల మంచిచెడ్డలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని అలాంటి కళాశాలలకే ఈ వ్యాసం పరిమితం.

ఏది చిన్న కళాశాల?

దీనికి చట్టంలో నిర్వచనం లేదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2018-19 నివేదిక ప్రకారం దేశంలో ఒక్కో కళాశాలకు సగటున 693 మంది విద్యార్థులున్నారు. 100 మంది కూడా లేని కళాశాలలు 16 శాతం పైనే. 3,000 దాటినవి 4 శాతం మాత్రమే. అంటే మన ఊహలో కళాశాల అనగానే మెదిలే పెద్ద ప్రాంగణం నిజానికి అరుదు. నియోజకవర్గ కేంద్రంలో, కొన్నిచోట్ల మండల కేంద్రంలో, రెండు మూడు వందల మందితో, నాలుగైదు కోర్సులతో, ఉన్న పోస్టుల్లో సగం గెస్టు లెక్చరర్లతో నడిచేదే మామూలు కళాశాల.

పైగా ఆ సంఖ్య ఏటా ఒకేలా ఉండదు. తెలంగాణలో 2016 నుంచి దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఓఏఎండీసీ ఆన్‌లైన్ ప్రవేశాలు వచ్చాక ఏ కోర్సులో ఎంతమంది చేరారో అందరికీ తెలిసిపోతోంది. ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో లెక్చరర్లు కరపత్రాలు పట్టుకుని చుట్టుపక్కల జూనియర్ కళాశాలలకు, ఊళ్లకు వెళ్తారు. మొదటి పరిచయం అక్కడే జరుగుతుంది. పిల్లవాడు చేరకముందే సారుకు వాళ్ల ఇల్లు తెలుసు, నాన్న చేసే పని తెలుసు. పెద్ద కళాశాలలో ఇలాంటిది జరగదు.

పూర్వ రంగం

తెలుగు నేల మీద తొలి కళాశాలలు చిన్నవే. అవి ప్రభుత్వ, మిషనరీ, జమీందారీ, దివ్యజ్ఞాన (థియోసాఫికల్) సమాజ వర్గాల నుంచి వచ్చాయి. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు, పిఠాపురం మహారాజా అండతో పేద విద్యార్థులకు, దళిత విద్యార్థులకు చదువు, వసతి కల్పించే పని చేశారు. చదువు చెప్పేవాడే బాగోగులూ చూడాలన్న తీరు ఆ రోజుల నుంచే ఉంది. దానికి మరో ముఖమూ ఉంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి వెళ్లిన తర్వాత వందేమాతరం ఉద్యమంలో దిగిన విద్యార్థులను కళాశాలల నుంచి వెళ్లగొట్టారు. ట్రెయినింగ్ కళాశాల నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతుడయ్యాడు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు అక్కడి విద్యార్థులకూ ఇదే గతి పట్టింది. అందరూ ఒకరికొకరు తెలిసిన చోట శిక్ష కూడా త్వరగానే పడుతుంది.

ప్రాంగణ జీవనం ఎలా ఉండేదో చూపడానికి మదనపల్లెను మించిన ఉదాహరణ దొరకదు. అనీ బిసెంట్ పూనికతో 1915లో అక్కడ దివ్యజ్ఞాన కళాశాల మొదలైంది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ టాగోర్ కొన్నాళ్లు విశ్రాంతి కోసం అక్కడ బస చేశారు. అప్పటి ప్రిన్సిపాలు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. వారానికొక సాయంత్రం అధ్యాపకులు, విద్యార్థులు కూర్చుని పాటలు పాడుకునే అలవాటు ఆ కళాశాలలో ఉండేది. అలాంటి ఒక సాయంత్రం టాగోర్ తన జనగణమన పాడి వినిపించారు. విద్యార్థులు పల్లవి అందుకున్నారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి రాశారు. పాటకు ఆంగ్ల అనువాదాన్ని కూడా టాగోర్ అక్కడే, ఫిబ్రవరి 28 అని తేదీ వేసి రాసిచ్చారు. ఏ కార్యక్రమ ప్రణాళికా లేకుండా కొద్దిమంది పిల్లలు, పంతుళ్లు కలిసి కూర్చునే సాయంత్రానికి ఇంత చరిత్ర దక్కింది. నేటి కళాశాలల క్యాలెండరులో దినోత్సవాలు చాలా కనిపిస్తాయి గాని అలాంటి సాయంత్రానికి మాత్రం చోటు లేదు.

హైదరాబాద్ రాష్ట్రంలో కళాశాల కన్నా ముందు హాస్టలే సామాజిక కేంద్రమైంది. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లెల నుంచి నగరానికి చదువుకు వచ్చేవాళ్లకు అది తిండి, పడక, గ్రంథాలయం, సభ, అన్నీ అయింది. సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం దాని బాధ్యతలు చూశారు. ఆ దారిలో ఇతర కులాలవారూ వసతి గృహాలు కట్టుకున్నారు. కులం పేరుతో వెలిసినా వాటిలో చదివినవాళ్లే తర్వాత ఉమ్మడి ఉద్యమాలకు నాయకులు కావడం మన చరిత్రలో ఒక విచిత్రం.

స్వాతంత్ర్య రజతోత్సవాల సందర్భంగా 1972లో కర్నూలులో సిల్వర్ జూబ్లీ కళాశాల పెట్టారు. కోస్తా, తెలంగాణ, రాయలసీమల నుంచి వాటాల ప్రకారం పిల్లలను ఎంచుకుని ఒకేచోట ఉంచి చదివించడం దాని ఉద్దేశం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాల వేడిలో మూడు ప్రాంతాలవాళ్లు ఒకే మెస్సులో కూర్చుని తిన్నారు. ఆవకాయ కారం గురించి, మాండలికాల గురించి అక్కడ ఎన్ని వాదాలు నడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఉపకార వేతనాల బల్ల

విద్యార్థి సేవల్లో మొదటిది, ఎక్కువమందికి అవసరమైనది ఉపకార వేతనం. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం 1944లోనే మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక దాని పరిధి బాగా పెరిగింది. కళాశాల కార్యాలయం పని తీరే మారిపోయింది. ఇందులో రెండు భాగాలు. కళాశాలకు వెళ్లే బోధనా రుసుము ఆర్టీఎఫ్. విద్యార్థి ఖర్చులకు ఇచ్చేది ఎంటీఎఫ్. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత వీటికి విద్యా దీవెన, వసతి దీవెన అని పేర్లు వచ్చాయి. వసతి దీవెన కింద ఏడాదికి ఐటీఐ విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపైవాళ్లకు 20,000 రూపాయలుగా లెక్క కట్టారు. ఫీజు డబ్బును తల్లి ఖాతాలో వేయడం అప్పటి పద్ధతి. 2024లో ప్రభుత్వం మారాక ఫీజును మళ్లీ నేరుగా కళాశాలకే ఇవ్వాలని నిర్ణయించారు.

పథకం పేరు ఏదైనా, పని మాత్రం కార్యాలయంలో ఒక బల్ల దగ్గరే జరుగుతుంది. స్కాలర్‌షిప్ సెక్షన్ అని బోర్డు ఉన్నా లేకపోయినా, ఆ పని చూసే జూనియర్ అసిస్టెంటు ఎవరో మొదటి వారంలోనే పిల్లలందరికీ తెలుస్తుంది. తెలంగాణలో అయితే విద్యార్థి ముందు ఈపాస్ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. మీసేవ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేయాలి. ఆ కాగితాలకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం నకలు జతచేసి కళాశాలలో ఇవ్వాలి. అక్కడి నుంచి ప్రిన్సిపాల్ లాగిన్ మీదుగా సంక్షేమ శాఖకు పోతుంది. చెప్పడానికి నాలుగు మెట్లే, చిక్కులు మాత్రం ప్రతి మెట్టు దగ్గరా ఉంటాయి. మెమోలో ఇంటిపేరు ముందుంటే ఆధార్‌లో వెనకుంటుంది. ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు. కూలిపనికి వెళ్లే అమ్మాయి వేలిముద్ర యంత్రానికి అందదు. ఖాతాకు ఆధార్ లింకు ఉందనుకుంటారు గాని అది ఎప్పుడో తెరిచి వదిలేసిన మరో ఖాతాకు ఉంటుంది, డబ్బు అందులో పడుతుంది.

ఇలాంటప్పుడే చిన్న కళాశాల పనికొస్తుంది. వెయ్యి దరఖాస్తులున్న చోట ఆగిపోయిన దరఖాస్తు మూలకు పడి ఉంటుంది. రెండు వందలున్న చోట ఆ అసిస్టెంటు పేరుపెట్టి పిలిచి, “నీది పెండింగులో ఉందమ్మా, తహసీల్దారు ఆఫీసుకెళ్లి ఆదాయం సర్టిఫికెట్టు కొత్తది తెచ్చుకో” అని చెప్తాడు. అదే మనిషి బదిలీ అయి ఆర్నెల్లు పోస్టు ఖాళీగా ఉంటే, ఆ ఏడాది ఎంతమంది దరఖాస్తులు ఆగిపోయాయో అడిగేవాడుండడు.

ప్రైవేటు కళాశాలల్లో కథ వేరు. ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిలు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి రావు. తెలంగాణలో యాజమాన్యాలు ఇందుకోసం కళాశాలలు మూసి నిరసనకు దిగిన సందర్భాలూ ఉన్నాయి. బకాయి ప్రభుత్వానిదే అయినా చివరికి టీసీ ఆగేది విద్యార్థిదే. అసలు ధ్రువపత్రాలను పట్టి ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ మాట కౌంటరు దగ్గర చెప్పి గెలిచే ధైర్యం పీజీ సీటు గడువు ముంచుకొస్తున్న పిల్లవాడికి ఎక్కడుంటుంది?

హాస్టలు, మెస్సు

చిన్న కళాశాలలో ప్రాంగణ హాస్టలు ఉండటం అరుదు. ఉన్నవాటిలో చాలావరకు సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల శాఖల కళాశాల స్థాయి హాస్టళ్లు. కొన్నిచోట్ల కళాశాలకు అనుబంధ హాస్టళ్లు. విద్యార్థులే నడుపుకునే స్టూడెంట్ మేనేజ్డ్ హాస్టల్ అనే పద్ధతి కూడా ఉంది. సంక్షేమ హాస్టలులో బాధ్యుడు హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసరు. పిల్లలు మాత్రం వార్డెన్ సారనే పిలుస్తారు.

మెస్ చార్జీల లెక్క ఒకటి చూస్తే అక్కడి జీవితం అర్థమవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు 1,500 రూపాయలున్నది 2,100 అయింది. పెంచిన తర్వాత కూడా రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, గుడ్డు, వారానికి చికెన్, అన్నీ అందులోనే సర్దాలి. పెరగక ముందు రోజుకు 50. సాంబారు పలచబడటానికి వంటమనిషి ఒక్కడే కారణం కాదన్నమాట.

విద్యార్థులే నడుపుకునే మెస్సులో నెలకొకరు సెక్రటరీ. సరుకుల చిట్టీ రాయడం, కిరాణా కొట్టులో అరువు పెట్టడం, గ్యాసు సిలిండరుకు వెంటపడటం, వంటవాళ్ల జీతం ఇవ్వడం, నెలాఖరుకు మొత్తం ఖర్చును తలా ఇంత అని పంచడం, అంతా అతని పనే. డివైడింగ్ సిస్టం అనే ఈ పద్ధతిలో బిల్లు ఎక్కువైతే నోటీసు బోర్డు ముందు పంచాయితీ తప్పదు. ఇంటికెళ్లిన రోజులకు మెస్ కట్ ఇచ్చారా, అతిథుల లెక్క రాశారా, పాల పేరుతో టీకి ఎంతయింది అని నిలదీస్తారు. ఇరవై ఏళ్లకే నలుగురి డబ్బు ఖర్చుపెట్టి నలుగురికీ లెక్క చెప్పడం ఎలాగో నేర్పే చోటు ఇంకోటి లేదు. నాయకత్వ శిక్షణ పేరుతో జరిగే సెమినార్లకన్నా ఆ ఒక్క నెల ఎక్కువ నేర్పుతుంది.

తెలంగాణలో 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు వసతి విషయంలో మలుపు. అక్కడ హాస్టలు, కళాశాల వేరు కావు. ఇంటర్ అయిపోగానే పెళ్లి మాట వచ్చే ఇళ్లలో, తిండి, వసతి, చదువు కలిపి దొరికే చోటు అమ్మాయికి మూడేళ్ల గడువు సంపాదించి పెడుతుంది. అద్దె భవనాలు, ఇరుకు గదులు, నీటి కొరత వంటి ఇబ్బందులూ ఉన్నాయి.

బస్సు, క్యారేజీ

హాస్టలు లేనివాళ్లు డే స్కాలర్లు. చిన్న కళాశాలలో వీళ్లే ఎక్కువ. వీళ్ల టైంటేబుల్‌ను నిజంగా నిర్ణయించేది ప్రిన్సిపాలు కాదు, ఆర్టీసీ డిపో మేనేజరు. నాలుగింటికి పల్లె వెలుగు బస్సు ఉంటే చివరి పీరియడులో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. ఇది తెలిసిన ప్రిన్సిపాళ్లు పీరియడ్లను ముందుకు జరుపుతారు, లేదా డిపోకు ఉత్తరం రాసి బస్సు వేళ మార్పించుకుంటారు. ఈ ఉత్తరం ఏ నివేదికలోనూ కనిపించదు గాని, ఒక చిన్న కళాశాల చేయగల గొప్ప విద్యార్థి సేవల్లో అదొకటి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకాల కింద ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అమ్మాయిలకు పాసు ఖర్చు తప్పింది. బస్సుల్లో రద్దీ పెరిగింది. అబ్బాయిలు మాత్రం పాసు కోసం బోనఫైడ్ పట్టుకుని లైనులో నిలబడుతూనే ఉన్నారు. ఒకే బస్సులో రోజూ గంట సేపు వచ్చిపోయేవాళ్ల మధ్య పుట్టే స్నేహం తరగతి గదిలో పుట్టేదానికన్నా గట్టిది. సీనియర్లు, జూనియర్లు, కామర్స్, సైన్సు అన్న తేడాలు అక్కడ ఉండవు. ఏ రూటు అన్నదే వాళ్ల గుర్తింపు.

మధ్యాహ్నం తిండి ఇంకా తేలని సమస్యే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం మొదలైంది. డిగ్రీ పిల్లలకు అది లేదు. మూడు వందల మంది ఉన్నచోట క్యాంటీను పెట్టినవాడికి గిట్టదు. కాబట్టి క్యారేజీ తెచ్చుకున్నవాళ్లు చెట్టు కింద, తెచ్చుకోనివాళ్లు గేటు బయట బజ్జీల బండి దగ్గర. తెల్లవారక ముందే బయలుదేరే పిల్లలకు క్యారేజీ కట్టే వేళ ఇంట్లో ఉండదు. మధ్యాహ్నం క్లాసుల్లో హాజరు పల్చబడటానికి ఇదీ ఒక కారణం. అమ్మాయిల విషయంలో మరో కారణం మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోవడం. ఎన్ని కమిటీలు వేసినా ఆ ట్యాంకు నిండకపోతే ప్రయోజనం లేదు.

ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ

గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. కోణార్క సూర్యరథ చక్రం దాని గుర్తు. స్వచ్ఛంద సేవకుడు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. ఒక యూనిటుకు 100 మంది. రెండు వందల మంది ఉన్న కళాశాలలో రెండు యూనిట్లుంటే దాదాపు కళాశాల అంతా ఎన్‌ఎస్‌ఎస్సే.

ఏడాది పొడవునా జరిగే ర్యాలీలు, మొక్కలు నాటడాలు ఫోటోల కోసమే అన్న విమర్శలో నిజం లేకపోలేదు. గత ఏడాది నాటిన గుంతలోనే ఈ ఏడాదీ నాటడం మామూలే. కాని ఏడు రోజుల శిబిరం సంగతి వేరు. ఊళ్లో ప్రభుత్వ పాఠశాల గదుల్లో పడక. వంట తామే చేసుకోవాలి. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, ఒకరోజు పశువైద్య శిబిరం, రాత్రి రచ్చబండ దగ్గర నాటికలు, పాటలు. పప్పు మాడినా నవ్వుకుంటూ తింటారు. మూడేళ్ల డిగ్రీలో ఏం గుర్తుందని పాత విద్యార్థులను అడిగితే ముందు క్యాంపు సంగతులే చెప్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి వచ్చిన డిగ్రీ మార్పుల్లో మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును అందరికీ తప్పనిసరి చేశారు. ఇష్టంతో చేసే పని మార్కుల్లోకి మారగానే దానికి రెడీమేడ్ రిపోర్టులు అమ్మే జిరాక్సు షాపులు కూడా వచ్చాయి.

1948 నాటి చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీ అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోట ఖాకీ వేసుకున్న పిల్లలకు ఊళ్లో ఒక గౌరవం. పోలీసు, సైన్యం ఉద్యోగాల మీద కన్నేసినవాళ్లకు సి సర్టిఫికెట్టే అసలు డిగ్రీ. వీళ్లను పొద్దున్నే మైదానానికి రప్పించేది ఫిజికల్ డైరెక్టరు. పీడీ సారు పోస్టు ఖాళీగా ఉన్న కళాశాలలో బంతులు బీరువాలోనే ఉంటాయి.

గ్రంథాలయం, ఉద్యోగ శిక్షణ

చిన్న కళాశాల గ్రంథాలయానికి ఎక్కువమంది వచ్చేది పోటీ పరీక్షల పుస్తకాల కోసం. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన నెలలో అక్కడ కుర్చీ దొరకదు. ఎన్-లిస్ట్ పథకం ద్వారా వేల కొద్దీ ఈ-పుస్తకాలు, పత్రికలు ఇలాంటి కళాశాలలకూ అందుబాటులోకి వచ్చాయి. లాగిన్ ఇచ్చేది లైబ్రేరియనే. అడిగినవాళ్లకే ఇస్తాడు, అదొకటి ఉందని తెలిసినవాళ్లే అడుగుతారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషు మాటతీరు, కంప్యూటరు, ఇంటర్వ్యూ నేర్పడానికి జవహర్ నాలెడ్జ్ సెంటర్లు పెట్టారు. తెలంగాణలో అవి టీఎస్‌కేసీలయ్యాయి. మంచి మెంటరు దొరికిన చోట వీటి నుంచి బ్యాంకులకు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు వెళ్లినవాళ్లున్నారు.

రక్షణ, ఫిర్యాదులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. అవమానించి ఏడిపించినందుకు 6 నెలల జైలు నుంచి, ప్రాణం పోతే యావజ్జీవం దాకా శిక్షలున్నాయి. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చి, ఏటా ప్రతి విద్యార్థి, తల్లిదండ్రులు హామీ పత్రం ఇవ్వాలని నియమం పెట్టింది. చిన్న కళాశాలలో సీనియరు, జూనియరు ఒకే ఊరివాళ్లో, ఒకే బస్సువాళ్లో అవుతారు. ఏదైనా జరిగితే సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. అందుకే వార్తలకెక్కిన ర్యాగింగ్ కేసులు ఇక్కడి నుంచి తక్కువ.

అందరికీ అన్నీ తెలియడం అన్నివేళలా మేలు చేయదు. లైంగిక వేధింపులపై 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. బోర్డు మీద పేర్లు, ఫోన్ నంబర్లు రాసి ఉంటాయి. ఫిర్యాదు చేయాల్సిన అమ్మాయి ముందు ఆలోచించేది వేరే. కమిటీలో ఉన్న మేడం, తాను ఫిర్యాదు చేయబోయే వ్యక్తి ఒకే స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగుతారు. అటెండరు తన ఊరివాడు. కాగితం ఇచ్చిన గంటలో ఊరికి చేరుతుంది, ఊరు చదువు మాన్పిస్తుంది. కమిటీలో బయటి నుంచి ఒక సభ్యులు తప్పనిసరిగా ఉండాలని చట్టం ఎందుకు చెప్పిందో ఇలాంటి చోటే బాగా అర్థమవుతుంది. ఆ బయటివారి నంబరు పిల్లలకు నేరుగా తెలిస్తేనే కమిటీకి ప్రాణం ఉన్నట్టు. ఇతర సమస్యల కోసం 2023 నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీలు, విశ్వవిద్యాలయ స్థాయిలో అంబుడ్స్‌పర్సన్ ఉండాలి.

మనసు సంగతి

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో వార్డ్ కౌన్సెలింగ్ అనే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఒక్కో లెక్చరరుకు కొంతమంది విద్యార్థులను అప్పగిస్తారు. వాళ్ల హాజరు, మార్కులు, ఇంటి పరిస్థితి రిజిస్టరులో రాయాలి. న్యాక్ బృందం వచ్చే ముందు ఒకే పెన్నుతో మూడేళ్ల ఎంట్రీలు నింపిన రిజిస్టర్లూ ఉంటాయి. వారం రోజులు రాని పిల్లవాడి ఇంటికి బండి మీద వెళ్లి, అప్పుల వల్ల చదువు మానేసి మేస్త్రి పనికి పోతున్నాడని తెలుసుకుని తిరిగి తెచ్చిన లెక్చరర్లూ ఉంటారు. గెస్టు లెక్చరరు ఆ పని మొదలుపెడితే, మరుసటి ఏడాది అతను అక్కడే ఉంటాడన్న హామీ లేదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలి-మానస్ నంబరు 14416కు తెలుగులోనూ మాట్లాడొచ్చు. మండల కేంద్రంలో సైకాలజిస్టు దొరకడం కష్టం కాబట్టి, ప్రస్తుతానికి ఇలాంటి కళాశాలలకు ఈ నంబరే దగ్గరి దారి. దాన్ని నోటీసు బోర్డు మీద కాకుండా హాల్ టికెట్టు వెనక అచ్చు వేయిస్తే ఇంకా మేలు.

ఇలాగే పట్టించుకోవాల్సినవాళ్లు దివ్యాంగులు. వారి విషయంలో 2016 చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల సీట్లలో కనీసం 5 శాతం కేటాయింపు, అందుబాటులో ఉండే భవనాలు కోరుతుంది. కాని ర్యాంపు కింది అంతస్తు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, ల్యాబు పై అంతస్తులో ఉంటుంది. క్లాసును కిందికి మార్చడానికి టైంటేబులు వేసే సారు ఒప్పుకుంటే చాలు.

సంఘాలు, సందడి

రెండు రాష్ట్రాల్లోనూ డిగ్రీ కళాశాలల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు 1980ల చివరి నుంచి దాదాపు లేవు. ఈ ఎన్నికలపై లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు ఆమోదించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు, 75 శాతం హాజరుండాలి వంటి నియమాలు అందులోవే. అయినా ఎన్నికలు తిరిగి రాలేదు. క్లాస్ రిప్రజెంటేటివ్‌ను మార్కులు చూసి సార్లే ఎంచుతారు. ఎన్నికలు లేకున్నా సంఘాలున్నాయి. బకాయిల కోసం బంద్ పిలుపు వచ్చిన రోజు నలుగురు పిల్లలు వచ్చి ప్రిన్సిపాలుకు దండం పెట్టి “సార్, బంద్ సార్” అంటారు. బెల్లు కొడతారు. చిన్న కళాశాలలో రాజకీయం కూడా మర్యాదగానే సాగుతుంది.

పండుగల వరస తెలిసిందే. ఆగస్టు 29న గిడుగు జయంతి, తెలంగాణలో సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, టీచర్స్ డే, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు, యువజనోత్సవం, ఫ్రెషర్స్, ఫేర్‌వెల్, కాలేజీ డే. బతుకమ్మ రోజు తెలంగాణ కళాశాలల్లో ప్రిన్సిపాలు మేడం నుంచి స్వీపరమ్మ దాకా ఒకే వలయంలో ఆడతారు. ఏడాదిలో మరే రోజూ ఆ కళాశాల అంతా ఒక్కచోట అలా కనిపించదు. కాలేజీ మ్యాగజైను అచ్చు మాత్రం చాలాచోట్ల ఆగిపోయింది. తొలి కవిత అచ్చులో చూసుకునే చోటు అలా పోవడం నష్టమే. వాట్సాప్ స్టేటస్ దానికి బదులు కాదు.

పూర్వ విద్యార్థులు

న్యాక్ మదింపులో ఐదో ప్రమాణం విద్యార్థులకు అందే తోడ్పాటు, వారి పురోగతి. అందులో పూర్వ విద్యార్థుల సంఘం రిజిస్టరు అయిందా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్న వల్లే పుట్టి, సొసైటీల చట్టం కింద ఒక నంబరు పొంది, అక్కడే ఆగిన సంఘాలు చాలా ఉన్నాయి. నడిచే సంఘాలు మరోలా మొదలవుతాయి. పాతికేళ్ల తర్వాత ఒక బ్యాచి వాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఒక ఆదివారం వచ్చి పాత సార్లకు శాలువాలు కప్పి, భోజనాలు చేసి, వెళ్తూ ఆర్వో ప్లాంటుకో, బెంచీలకో డబ్బిచ్చి పోతారు. ఆ డబ్బును కళాశాల ప్రణాళిక, అభివృద్ధి మండలి ఖాతాలో వేస్తే ప్రిన్సిపాలు ఖర్చు పెట్టడానికి వీలుంటుంది. ప్రభుత్వ అనుమతుల కోసం ఆగనక్కర్లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పాత విద్యార్థి ఏటా ఒకరి పరీక్ష ఫీజు కట్టడం వంటివి ఏ సంఘం పేరూ లేకుండానే, ఒక లెక్చరరు ఫోను మీద జరిగిపోతుంటాయి. ఆ లెక్చరరు రిటైరయ్యే ముందు ఆ నంబర్లను తర్వాతి వారికి అప్పగించే కళాశాలలు తక్కువ.